నీలి దీపం చూపిన నలుపు

పదకొండో భాగం

మీరు పోయిన వారం నన్ను ఎక్కడ వదిలి వెళ్ళారో నేను అక్కడే ఉన్నాను. చోడవరంలో మా ఇంటి వీధి అరుగు మీద, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా భార్య శాలోమిని విశాఖపట్నం ఆస్పత్రిలో పొద్దున్న తొమ్మిదింటికి ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. అంగిట్లో కుడిపక్క పుండు. కేన్సరని తేలి మూడు వారాలైంది. తోడుగా మా అమ్మాయి ఎవాంజలిన్ ఉంది. నేను లేను, ఎందుకంటే శాలోమి నన్ను రావద్దంది. పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో ఆవిడ నన్ను ఇది కావాలని అడిగింది ఈ ఒక్కటే. కాదనలేకపోయాను.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ళకి చెప్పాలి కదా, నా పేరు దేవదానం. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా చర్చి సంఘంలో పెద్దని. ఒకరికి బుద్ధి చెప్పే సందు దొరికితే వదలను, దొరక్కపోతే వెతుక్కుంటాను. శాలోమి గొంతు నేను మొదటిసారి చీడికాడ ఊళ్ళో సువార్త సభల్లో విన్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి పాట లేచింది. నేను మొగవాళ్ళ వైపు నిలబడి, ఆ గొంతు ఎవరిదో కనుక్కు రమ్మని మా మావయ్యని పంపాను. మనిషిని ఆ తరవాతే చూశాను. ఈ సంగతి పదిమందిలో గొప్పగా ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

పెళ్ళయిన కొత్తలో పొయ్యి దగ్గర నా పక్కనే కూచుని పాడేది. రెండేళ్ళు, అంతే. తరవాత దూరం జరిగిపోయింది. పేచీ లేదు, మాటపట్టింపు లేదు. వేళకి అన్నం, ఉతికిన బట్టలు, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ, అన్నీ జరిగాయి. మొహం మాత్రం ఇవ్వలేదు. వడ్డించేటప్పుడు పైటకొంగు మూతికి అడ్డం. నవ్వొస్తే కొంగులోకే నవ్వు. చర్చిలో చాప మీద కూచుని నోరారా పాడేది, ఇంటికొచ్చాక లవంగం బుగ్గన పెట్టుకుని మూడడుగుల దూరంలో నిలబడేది. నేను దగ్గరికి జరిగితే ఆవిడకి వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది.

ఆవిడ పాటకి ఊరంతా ఎంత దగ్గరో నేనూ అంతే దగ్గర. అంగుళం ఎక్కువ లేదు. అరవై ఏళ్ళ సంఘ పెద్ద ఇలాంటివి రాయకూడదేమో కానీ, ఆవిడ మొహం నా మొహానికి దగ్గరగా రావాలని రోజూ కోరుకున్నాను. నిన్న కూడా కోరుకున్నాను. ఆవిడ మనసులో ఇంకెవరో ఉండి ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను. రోజూ మధ్యాహ్నం మూడింటికి మజ్జిగ పేరు చెప్పి పక్కింటి అచ్చియ్యమ్మ పెరట్లోకి వెళ్ళి అరగంట ఉండేది. అక్కడికి ఏవో కబుర్లు వస్తున్నాయనుకున్నాను. ఊరూ పేరూ తెలియని ఆ మనిషిని ఇరవై ఏళ్ళు మనసులో తిట్టాను.

పదీ నలభైకి ఫోను మోగింది.

"నాన్నా, అమ్మ చుట్ట తాగుతాదా?"

ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండింది.

"ఏటే ఎవా, నువ్వడిగేది? ఎవరింట్లో పుట్టేవో మర్సిపోయేవా?"

"నేను కాదు నాన్నా, డాక్టరమ్మ అడుగుతన్నారు. ఆపరేషన్ మధ్యలో బయటికొచ్చేరు. నీలి దీపం ఏసి సూస్తే నలుపు ఆగట్లేదంట."

నీలి దీపం సంగతి డాక్టర్ ప్రవల్లికగారు మాకు ముందే బొమ్మ గీసి చెప్పారు. మామూలు కంటికి పుండు ఒక్కచోటే కనిపిస్తుంది, దాని అంచు ఎంతవరకు పాకిందో కనిపించదు. అందుకని ఆపరేషన్ జరుగుతుండగానే నోట్లోకి నీలిరంగు దీపం వేసి కెమేరాలో చూస్తారు. బాగున్నచోట లేత పచ్చగా మెరుస్తుంది, చెడినచోట నల్లగా ఉంటుంది. ఆ నలుపుని బట్టి ఎంత తియ్యాలో, ఎంత ఉంచాలో చూసుకుంటారు. ఎక్కువ తీస్తే మాట పాడవుతుంది, తక్కువ తీస్తే జబ్బు మిగిలిపోతుంది. నేను అంతా విని రెండు ప్రశ్నలు కూడా వేశాను, చదువుకున్నవాణ్ణని తెలియాలని.

ఆ రోజే ఒక కాగితం నింపమన్నారు. 'అలవాట్లు' అన్నచోట శాలోమిని అడక్కుండా నేనే రాశాను: "ఏమీ లేవు. క్రైస్తవ కుటుంబం." కింద గీత కూడా కొట్టాను. డాక్టరమ్మ అది చదివి, శాలోమి నోట్లోకి ఇంకోసారి చూసి, "అమ్మా, అడ్డపొగ అలవాటేమైనా ఉందా?" అంది. అడ్డపొగ అంటే మా వైపు ఆడవాళ్ళు చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని తాగడం. అలా అయితే గాలికి ఆరదు, బూడిద రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. శాలోమి నా వైపు చూసింది. నేను డాక్టరమ్మ అమాయకత్వానికి నవ్వుకున్నాను. శాలోమి తల అడ్డంగా ఊపింది.

ఫోనులో గొంతు మారింది.

"మేస్టారూ, నేను ప్రవల్లికని. నాకు టైం లేదు, గబగబా చెప్తాను వినండి. పుండు కుడిపక్క. నలుపు మాత్రం ఎడంపక్కకి కూడా ఉంది. వెనక కొండనాలుక వైపు మెత్తటి భాగం దాకా వెళ్ళింది. అదంతా కేన్సరైతే అదంతా తీసెయ్యాలి. కానీ రోజూ కాలి కాలి వాచిపోయిన చోటు కూడా ఈ దీపానికి నల్లగానే కనబడుతుంది. ముక్కలు తీసి ఇప్పటికిప్పుడు పరీక్ష చేయిస్తాను. అంగిలంతా తవ్వలేను కదా, ఎక్కడ తియ్యాలో తెలియాలి. ఆవిడ చుట్ట ఏ పక్క పెట్టుకునేవారు, ఎప్పటిదాకా తాగారు, ఈ రెండూ చెప్పండి."

"డాక్టరుగారూ, మా ఇంట్లో అలాంటి..."

"మేస్టారూ, మొగుడికి తెలియకపోవడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను. ఆవిడ గురించి బాగా తెలిసిన ఆడవాళ్ళెవరైనా ఉంటే అడగండి. పది నిమిషాలు చూస్తాను. తరవాత నాకు తోచినట్టు చేస్తాను."

కోపం తెచ్చుకోడానికి నాకు పది నిమిషాలు ఎక్కువ. కానీ ఆ రోజు కోపం రాలేదు. శాలోమి ఆస్పత్రిలో నా వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలు గుర్తొచ్చింది. కాళ్ళు వాటంతట అవే పెరటివైపు నడిచాయి.

మా పెరటికీ అచ్చియ్యమ్మ పెరటికీ మధ్య నడుమెత్తు గోడ. అచ్చియ్యమ్మ అవతల రాయి మీద కూచుని చింతపండులో పిక్కలు తీస్తోంది. పెదాల మధ్య చుట్ట తోక అరంగుళం కనిపిస్తోంది, నిప్పు లోపల ఉంది. డెబ్భై ఏళ్ళ మనిషి, మా వీధి అందరికీ 'అప్ప', అంటే అక్క, ఎవరి దగ్గరా దాపరికం లేదు. ఆవిణ్ణి అలా చూసినప్పుడల్లా నేను మొహం తిప్పుకునేవాణ్ణి. ఆ పూట గోడ దూకాను. చొక్కా జేబు మేకుకి పట్టుకుని చిరిగింది.

"అప్పా, నిజం సెప్పు. శాలోమి చుట్ట తాగుతాదా?"

అచ్చియ్యమ్మ తాపీగా చుట్ట తీసి రాయి పక్కన పెట్టింది. "ఏటి బాబూ ఆ దూకుడు? కాలిరిగితే ఎవులు మోస్తారు నిన్ను?"

"తాగుతాదా, నేదా?"

"నాకు తెల్దు."

"నీకు తెల్దంటే ఇంకెవులకి తెల్సు? రోజూ మూడింటికి ఇక్కడే కదా ఉంటాది!"

"ఉంటాది. మజ్జిగ తాగుతాది, ఎల్తాది. నన్నడక్కు మేస్టారూ. నాను ఒట్టేసేను. ఆ గుంట ఏడిసి ఏడిసి నా సేత ఒట్టేయించుకుంది."

ఏభై ఏళ్ళు దాటిన శాలోమిని ఇప్పటికీ చిన్నపిల్లలా గుంట అనే మనిషి లోకంలో అచ్చియ్యమ్మ ఒక్కర్తే.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అప్పా!"

"మీకు ఒట్లు నేవేమో. మాకున్నాయి."

"అక్కడ దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, కోత ఆపి కూకున్నారు. పది నిమిషాలు టైమిచ్చేరు. నువ్వు సెప్పకపోతే అంగిలంతా తీసెయ్యాల్సొస్తాది. తాగిన నీళ్ళు ముక్కులోంచొస్తాయి. పాట మాటటుంచు, మాటే రాదు."

నేను చేతులు జోడించాను. అచ్చియ్యమ్మకి నేను దండం పెట్టడం అదే మొదలు. ఆవిడ నా చేతులకేసి కాసేపు చూసింది.

"సెప్తే దానికి మేలేనా?"

"మేలే."

"సెప్పేక దాన్ని ఏలుకుంటావా? నేపోతే ఆ ముసిలమ్మల్లాగ గుమ్మంలో కూకోబెడతావా?"

ఆ మాట ఎందుకందో నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళ కిందట మా సంఘంలో ఒక తీర్మానం చేయించాను. చుట్ట, బీడీ, సారా ముట్టేవాళ్ళకి ప్రభు బల్లలో పాలు లేదని. రొట్టె, ద్రాక్షరసం పంచే వేళకి వాళ్ళు బయటికి జరగాలి. తీర్మానం నేనే లేచి చదివాను. పొలాల్లో చెరుకు నరకడానికి వెళ్ళే ఆరుగురు ముసలమ్మలు ఒకరి మొహాలొకరు చూసుకుని, లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి కూచున్నారు. వెంటనే పాట ఎత్తుకోవలసింది శాలోమి. ఎత్తుకుంది కానీ, రెండో చరణంలో గొంతు ఆగిపోయింది. దగ్గొచ్చిందనుకున్నాను. ఇంటికొచ్చి మిరియాల పాలు కాచుకోమని చెప్పాను కూడా.

"కూకోబెట్టను అప్పా," అన్నాను.

అచ్చియ్యమ్మ ఆకాశం వైపు చూసి ఏదో గొణుక్కుని, చెంపలు వేసుకుంది. ఒట్టు తప్పుతున్నందుకు అనుకుంటాను.

"పన్నెండేళ్ళప్పుడు ఆళ్ళ మామ్మ నేర్పింది. పంటి పోటుకని. నీకిచ్చి సేసినప్పుడు మానీసింది. రెండేళ్ళు ముట్టనేదు. ఎవా కడుపులో పడ్డప్పుడు వాంతులు ఆగక మళ్ళీ నోట్లో ఎట్టుకుంది. ఇంక వదల్నేదు."

"నాకు సెప్పొచ్చు కదా!"

"ఎలాగ సెప్తాది? పెళ్ళైన వారానికే అన్నావంట కదా. మీ అమ్మకి అడ్డపొగ ఉండేదనీ, పోయేముందు నిన్ను ముద్దెట్టుకుందారని దగ్గరికి లాగితే ఆ కంపుకి నువ్వు మొకం తిప్పీసుకున్నావనీ. అలాటి నోరు నీ దగ్గరికొస్తే ఇల్లొదిలి పోతానన్నావంట. అన్నావా, నేదా?"

అన్నాను. మా అమ్మ మీద జాలితో మొదలుపెట్టి, చివరికి నా శుభ్రత గురించి గొప్పగా ముగించాను. కొత్త పెళ్ళికూతురు నా పక్కన కూచుని వింది.

"అది మర్సిపోనేదు బాబూ. నువ్వు మొకం తిప్పుకుంటే తను సూళ్ళేదు. అందుకని తనే ముందు తిప్పీసుకునీది. నెలకోపాలి మీ బల్ల తీసుకుని ఇంటికొచ్చి, ఇక్కడికొచ్చి కూకుని ఏడిసీది. దేముడికి దొంగతనంగా తినేస్తన్నాను అప్పా అనీది. నాను సెప్తానే ఉన్నాను, మేస్టారు మంచోడే, సెప్పీయే అని. ఆయన మంచోడే గానీ ఆయన ముక్కు మంచిది కాదు అప్పా అనీది."

ఇరవై ఏళ్ళు నేను తిట్టిన ఆ పేరులేని మనిషి ఎక్కడా లేడు. ఆవిడ నాకు ఇష్టం లేక దూరం జరగలేదు, నేను ఎక్కడ వదిలిపోతానోనని దూరం జరిగింది. నేను రోజూ ఏది కావాలనుకున్నానో ఆవిడకీ అదే కావాలి. ఇద్దరం ఒకే ఇంట్లో, మూడడుగుల దూరంలో, అదే కోరుకుంటూ ముసలివాళ్ళమైపోయాం.

ఫోను మోగింది. "నాన్నా, టైమైపోతంది!"

"ఉండు," అని స్పీకరు పెట్టి, "అప్పా, ఏ పక్క ఎట్టుకునీది?" అన్నాను.

"కుడిపక్క. ఎప్పుడూ కుడిపక్కే."

అవతల డాక్టరమ్మ ఊపిరి పీల్చడం వినిపించింది. కుడిపక్క అయితే ఎడంపక్క నలుపుకి చుట్ట కారణం కాదు. నేను లెక్కల మేస్టారిని, ఆ లెక్క నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. "కుడిపక్క అంటున్నారు డాక్టరుగారూ," అన్నాను.

"ఆగెహె, అయిపోనేదు!" అచ్చియ్యమ్మ నా చెయ్యి పట్టి గుంజింది. "వినాయక సవితి పండగెల్లేక కుడిపక్క పుండు లేసింది. మండిపోతందని ఎడంపక్కకి మార్సింది. అప్పట్నించీ ఎడంపక్కే. మొన్న ఆస్పత్రికెల్లే పూట పొద్దున్న కూడా, ఇదిగో ఈ రాయి మీదే కూకుని, ఎడంపక్క ఎట్టుకుంది. ఇదే ఆకర్ది అప్పా అంది."

"మొన్నటిదాకా, ఎడంపక్క. సరే," అంది డాక్టరమ్మ. "చాలు. మూడు చోట్ల తీస్తాను. అరగంట పడుతుంది." ఫోను పెట్టేసింది.

మళ్ళీ గోడ దూకే ఓపిక లేక అచ్చియ్యమ్మ పక్కనే చతికిలబడ్డాను. ఆవిడ పాపం అలవాటు ఆపుకోలేక చుట్ట అందుకుని, నన్ను చూసి, లేచి పాక అవతలికి వెళ్ళబోయింది.

"ఇక్కడే తాగు అప్పా," అన్నాను.

ఆవిడ వింతగా చూసి, మళ్ళీ కూచుని ముట్టించింది. రెండు పీల్పులు బయటినుంచి లాగి, తిరగేసి లోపల పెట్టుకుంది. పొగ నా మీదికి వచ్చింది. ఆ వాసన నాకు కొత్త కాదు. లవంగం వాసన కింద, కొబ్బరినూనె వాసన కింద, శాలోమి తలగడ మీద ఇరవై ఏడేళ్ళుగా ఉన్నదే. పక్కింటి పొగ కిటికీలోంచి వస్తోందని సణిగేవాణ్ణి. కిటికీ మూసేసేవాణ్ణి. ఇప్పుడు ఆ పొగకి దగ్గరగా జరిగి కూచున్నాను. శాలోమి అక్కడే పక్కన ఉన్నట్టనిపించి నాకు దుఃఖం ఆగలేదు. మా అమ్మ కూడా గుర్తొచ్చింది. అచ్చియ్యమ్మ చింతపండు చేతులతోనే నా వీపు నిమిరింది.

పదకొండూ నలభైకి ఎవా ఫోను చేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"నాన్నా, ఎడంపక్క తీసిన ముక్కల్లో ఏటీ నేదంట! కాలిన గుర్తేనంట. ఆ పక్క ముట్టుకోరంట."

నేను "స్తోత్రం" అన్నాను. అచ్చియ్యమ్మ తన దేవుడికి తను దండం పెట్టింది.

"కానీ..." అంది ఎవా. "వెనక మెత్తటి భాగం అంచున తీసిన ముక్కలో ఉంది నాన్నా. అది కూడా తియ్యాలి. తీస్తే మాట ముక్కులోంచొస్తాదంట. తరవాత పళ్ళసెట్టులాంటిదేదో పెడతారంట, దాంతో మాట కొంత తేరుతాది గానీ పాట రాదంట."

"తియ్యమను. దానికి అడగడమేటి?"

డాక్టరమ్మ ఫోను తీసుకుంది. "నేను అడిగేది మిమ్మల్ని కాదు మేస్టారూ. నిన్న సాయంత్రం ఆవిడ నాతో విడిగా మాట్లాడారు. పాట పోయేలా కొయ్యొద్దని చెప్పి, రాసి సంతకం పెట్టారు. మత్తులో ఉన్న మనిషి మాట కాదని నేను కత్తి పెట్టలేను. ఇప్పటికి మూసేస్తాను. లేచాక ఒప్పుకుంటే నాలుగైదు రోజుల్లో మళ్ళీ లోపలికి తీసుకెళ్తాను. ఒప్పుకోకపోతే అది అక్కడ పెరుగుతుంది, అంతే. మీరొచ్చి మాట్లాడండి."

మళ్ళీ ఎవా లైన్లోకి వచ్చింది. గొంతు తగ్గించి చెప్పింది.

"నాన్నా, సెప్పకూడదనుకున్నాను. నిన్న అమ్మ ఏమందో తెల్సా? మీ నాన్న గొంతుని సేసుకున్నాడు, నన్ను కాదు. గొంతు పోయేక ఆ ఇంటికెల్లి ఏం సెయ్యను అంది."

పదిమందిలో గొప్పగా చెప్పుకున్న ఆ చీడికాడ కథ ప్రతిసారీ ఆవిడ గుమ్మం వెనక నిలబడి విని ఉంటుంది. నేను ఒక్కసారి కూడా అటు తిరిగి చూడలేదు.

చిరిగిన జేబుతోనే బస్సెక్కాను. రావద్దన్న మనిషి దగ్గరికి వెళ్తున్నానని తెలుసు. గోవాడ దగ్గర చెరుకు ట్రాక్టర్లు రోడ్డు కమ్మేశాయి. ముప్పావుగంట కదల్లేదు. ఎన్నడూ లేనిది డ్రైవరు మీద అరిచాను. అతను వెనక్కి తిరిగి, "నేనేటి సెయ్యను మేస్టారూ, ఎగిరెల్లమంటారా?" అన్నాడు. నా దగ్గర చదువుకున్నవాడే. సిగ్గేసి కూచున్నాను. శాలోమికి ఏం చెప్పాలో దారంతా మనసులో కూర్చుకున్నాను. కూర్చుకున్నదంతా ప్రసంగంలా ఉంది. చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను.

అనకాపల్లిలో బస్సు మారి, లంకెలపాలెం వచ్చేసరికి రెండున్నర దాటింది. ఎవా ఫోను చేసింది.

"అమ్మకి తెలివొచ్చింది నాన్నా. నోట్లో గుడ్డ పెట్టేరు, మాట్లాడకూడదు. పుస్తకం, పెన్నూ ఇచ్చేను. ముందు ఏం రాసిందో తెల్సా? 'అచ్చియ్యమ్మ చెప్పేసిందా?' అని."

"నువ్వేటన్నావు?"

"అబద్ధం ఎలాగాడను? తలూపేను. ఏడుస్తంది నాన్నా. దాని కింద, 'మీ నాన్నని రావద్దను, మొహం చూపించలేను' అని రాసింది. రెండో ఆపరేషన్ సంగతి డాక్టరమ్మ సెప్తే వద్దని సెయ్యూపింది."

"ఫోను అమ్మ చెవి దగ్గర పెట్టు."

"నాన్నా, బస్సులో ఉన్నావు..."

"పెట్టవే!"

బస్సు నిండా జనం. నా ముందు సీటులో ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు, పక్కన బియ్యం బస్తాతో ఒకాయన. ఇలాంటి మాటలు నేను నాలుగు గోడల మధ్య కూడా ఎన్నడూ అనలేదు. అవతల ఆవిడ ఊపిరి వినిపించింది. ఎప్పుడూ లేనంత దగ్గరగా వినిపించింది. దారంతా కూర్చుకున్నది ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు.

"శాలోమీ, నేను. అంతా తెల్సింది. తిట్టడానికి రావట్లేదు. మా అమ్మ గురించి నేనన్న మాట తప్పు. సంఘంలో చదివిన ఆ తీర్మానం కూడా తప్పే. నీ పాట పోతే నాకు బాధే, అబద్ధమాడను. నిన్ను గొంతు సూసే చేసుకున్నాను, అదీ నిజమే. కానీ ఇన్నేళ్ళు నేను ఎదురుసూసింది పాట కోసం కాదే. పాట ఆదివారం అందరికీ దొరికేది. నాకు నువ్వు దొరకలేదు. ఆ మిగిలింది తియ్యనీ. మాట ముక్కులోంచొస్తే రానీ. నాకు నువ్వు కావాలి. నోరెలాగున్నా, వాసనెలాగున్నా, నా దగ్గర కూకుంటే సాలు."

ముందు సీటు పిల్ల ఒకతి కళ్ళు తుడుచుకుంది. బియ్యం బస్తా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఫోనులో ఊపిరి ఆగి ఆగి వస్తోంది, తరవాత దూరమైపోయింది.

"పుస్తకం ఇమ్మంటంది నాన్నా," అంది ఎవా. "రావద్దను అన్నది కొట్టేసింది. కింద రాస్తంది."

"ఏటి రాస్తంది?"

"అక్షరాలు కుదరట్లేదు... ఉండు... 'ఒప్పుకుంటాను' అని రాసింది నాన్నా! ఒప్పుకుంది!"

నేను సీటులోంచి లేచి నిలబడ్డాను. కండక్టరు నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు.

"ఇంకా రాస్తంది," అంది ఎవా. ఒక్కో ముక్కా కూడబలుక్కుని చదివింది. "'కానీ ముందు మీ నాన్న ఒక పని చెయ్యాలి. ఈ ఆదివారమే, సంఘం ముందు చెయ్యాలి. అది అయ్యాకే నన్ను మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కించాలి. చెయ్యకపోతే నన్ను ఇలాగే వదిలెయ్యండి.'"

"ఏం పని? ఏదైనా సేస్తానని సెప్పు. ఏం పని, సదువు!"

ఎవా చదవలేదు. కాగితం తిప్పిన చప్పుడైంది. మళ్ళీ వెనక్కి తిప్పిన చప్పుడైంది.

"సదవ్వే!"

"నాన్నా," అంది మా అమ్మాయి, చాలా మెల్లగా. "ఇది నువ్వు సెయ్యవు."